సైనిక కుటుంబాల బాలబాలికలు: మనోధైర్యానికి మార్గదర్శనం

సరిహద్దులను కాపాడే సైనికుని త్యాగాన్ని జాతి యావత్తూ కొనియాడుతుంది. ఆ త్యాగంలో అతని బిడ్డలకు కూడ పాలున్నదన్న సంగతి మాత్రం చాలమందికి తోచదు. సైన్యంలో చేరినది తండ్రియే అయినా, ఊళ్లు మారవలసినదీ, స్నేహితులను విడిచిపెట్టవలసినదీ, సరిహద్దు వార్తలకు ఉలికిపడవలసినదీ బిడ్డలు కూడ. తల్లి సైనికోద్యోగిని అయిన ఇండ్లలో ఈ ఎడబాటు తల్లితోనే ఏర్పడుతుంది. ఇట్టి బాలబాలికలకు మానసికమైన అండ ఎట్లు లభించాలన్నది విద్యావేత్తలు శ్రద్ధగా పరిశీలింపదగిన విషయం.

బదిలీల బాల్యం

సైనికుల నియామకాలు స్థూలంగా రెండు విధాలు. కుటుంబాన్ని వెంట ఉంచుకొనడానికి వీలున్న ‘పీస్ స్టేషన్లు’ ఒక విధం; అందుకు వీలులేని ‘ఫీల్డ్’ ప్రాంతాలు రెండవ విధం. సాధారణంగా రెండు మూడేండ్లకొకసారి బదిలీ తప్పదు. సికిందరాబాదులో అక్షరాలు దిద్దిన తెలుగు బాలిక జోధ్‌పూర్‌లో ప్రాథమిక విద్యను, పఠాన్‌కోట్‌లో ఉన్నత పాఠశాల విద్యను సాగించవలసి రావచ్చు. ఇందువలన లాభం లేకపోలేదు. పలు భాషలు, పలు ఆచారాలు ఆమెకు సహజంగానే పరిచితమవుతాయి. భారతదేశం ఆమెకు పటంలోని బొమ్మ కాదు, తాను నివసించిన ఇల్లు. అయితే “మీది ఏ ఊరు?” అన్న ప్రశ్నకు వెంటనే సమాధానం తోచదు. ఇంట్లో మాట్లాడే తెలుగును చదవడం రాదు. పదమూడు, పద్నాలుగేండ్ల ప్రాయంలో స్నేహబృందమే ప్రపంచమై ఉంటుంది. ఆ దశలో కలిగే ప్రతి వియోగమూ లోతుగా నాటుకొంటుంది.

చదువులోని అంతరాయాన్ని తొలగించడానికి దేశం చక్కని ఏర్పాట్లు చేసింది. 1963-64లో 20 రెజిమెంటల్ పాఠశాలలను స్వీకరించి ఆరంభమైన కేంద్రీయ విద్యాలయాల వ్యవస్థ, దేశమంతటా ఒకే పాఠ్యప్రణాళికను అమలుపరచింది. 1983లో ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడింది. బడి మారినా పాఠం మారకుండ ఈ సంస్థలు చూడగలిగాయి. మనస్సులోని అంతరాయాన్ని పూరించడానికి వేరొక సహాయం కావలసి ఉన్నది.

ఎడబాటు, పునస్సమాగమం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ లండన్ నగరంలో శిశుసంరక్షణ గృహాలు నిర్వహించారు. బాంబుల భయం కంటె తల్లి నుండి వేరుపడడమే పసివారిని ఎక్కువగా బాధించినదని వారు గమనించారు. అమెరికాలో రూబెన్ హిల్ 1949లో ప్రకటించిన అధ్యయనం మరొక విషయాన్ని వెల్లడించింది. యుద్ధానికి వెళ్లిన తండ్రి తిరిగి వచ్చినప్పుడు కూడ కుటుంబం కొత్తగా సర్దుకొనవలసి ఉంటుంది. తండ్రి లేనప్పుడు ఇంటి పనులలో బాధ్యత వహించిన కుమారుడు, ఆయన రాగానే మరల చిన్నవాడు కావడానికి ఇష్టపడడు. పసిబిడ్డ తండ్రిని గుర్తింపక తల్లి చాటున దాగుకొనవచ్చు. ఇవి అవిధేయతకు గుర్తులు కావు.

సలహాదారుని కర్తవ్యం

కౌన్సెలింగ్ అనగా నీతిబోధ కాదు, ఓర్పుతో వినడం. కొత్తగా చేరిన విద్యార్థికి మొదటి వారాలలో ఒక సహాధ్యాయిని తోడుగా ఇవ్వడం, తండ్రికి ఉత్తరమో, బొమ్మో పంపే అలవాటు చేయడం, ఒకే స్థితిలో ఉన్న పిల్లలను చిన్న బృందాలుగా కూర్చుండబెట్టి మాట్లాడించడం ఫలప్రదమైన మార్గాలు. నిద్రలేమి, అకారణ కోపం, తరచు కడుపునొప్పి, చదువులో ఆకస్మికమైన వెనుకబాటు కనిపించినప్పుడు ఉపాధ్యాయుడు మేల్కొనాలి. విద్యార్థి చెప్పిన మాట గుప్తంగా ఉంచాలి; ప్రాణాపాయ సూచన ఉన్నప్పుడు మాత్రం పెద్దలకు, వైద్యులకు తెలియజేయడం విధి.

తండ్రి మరణించినప్పుడు ఈ కర్తవ్యం మరింత సున్నితమవుతుంది. 1999లో జరిగిన కార్గిల్ పోరులో 527 మంది భారత సైనికులు వీరమరణం పొందారు. అట్టి ఇండ్లలోని బిడ్డకు నిజాన్ని సరళమైన మాటలలో చెప్పడమే మేలు. “నాన్న నిద్రపోతున్నాడు” అంటే పసివాడు నిద్రకే భయపడవచ్చు. “ఇకమీదట ఇంటికి నీవే పెద్దవు, ఏడవరాదు” అని పన్నెండేండ్ల బాలునితో పలకడం సానుభూతి వలె తోచినా, అతని దుఃఖానికి తలుపు మూయడమే. వీరుని కుమారుడు కూడ బాలుడే. ఏడ్చే హక్కు అతనికి ఉన్నది.

అందుబాటులో ఉన్న సహాయం

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 సంఖ్యపై ప్రాంతీయ భాషలలో సలహా అందిస్తున్నది. సైనికులకు, వారి కుటుంబాలకు ఈ సేవలో ప్రత్యేక విభాగం 2023 డిసెంబరు 1న పూనాలోని సాయుధదళాల వైద్య కళాశాలలో ఏర్పాటయినది. మనస్సుకు సహాయం కోరడం పిరికితనమన్న అపోహ సైనిక కుటుంబాలలో కూడ లేకపోలేదు. గాయానికి కట్టు కట్టించుకొనే సైనికుని ఎవరూ పిరికివాడని అనరు గదా!

కంటోన్మెంటులలోని పిల్లలకు తమవంటి వారి తోడైనా ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం వంటి కొన్ని గ్రామాలలో సైనికవృత్తి పరంపరగా వస్తున్నది గనుక ఇరుగుపొరుగులకు ఆ బాధ తెలుసు. కాని తాతయ్య, అమ్మమ్మల వద్ద పెరుగుతూ, ఊరి బడిలో తానొక్కడే సైనికుని బిడ్డగా చదువుకొనే బాలుడు ఎందరికో కనిపించడు. అచ్చట కౌన్సెలర్ ఉండకపోవచ్చు. తరగతి ఉపాధ్యాయుడే ఆ స్థానం వహించాలి. పాఠం ముగిసిన తరువాత “మీ నాన్నగారి వద్దనుండి కబురు వచ్చిందా?” అని అడిగి, ఆ బాలుడు చెప్పేది పూర్తిగా వినడంతో ఈ సేవ ఆరంభం కాగలదు.