స్కోరు కార్డు చెప్పని లెక్క

ఏప్రిల్ నెలలో అగస్టాలో మాస్టర్స్ పోటీ ముగిసే ఆదివారం నాడు, గోల్ఫు రుచి మరిగిన తెలుగువారి ఇళ్ళలో భోజనాల బల్ల టీవీ ముందుకు జరుగుతుంది. 2023లో ఆ ఉత్సాహానికి మరో కారణం తోడయింది. హైదరాబాదు నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల తొలిసారిగా ఆ పోటీలో ఆడి, తొమ్మిదో స్థానాన్ని మరికొందరితో పంచుకున్నాడు. చివరి రోజు 16వ గుంత వద్ద, గ్రీన్ వెలుపలి నుంచి అతడు కొట్టిన బంతి వాలులో దొర్లుతూ వెళ్ళి నేరుగా గుంతలో పడింది. ఆ దృశ్యాన్ని టీవీలో పదే పదే చూపించారు.

అది చూసిన ఔత్సాహికుడు మరుసటి శనివారం తన ఊరి పబ్లిక్ కోర్సుకు వెళతాడు. 20 అడుగుల దూరం నుంచి పట్ కొడతాడు. బంతి గుంత పక్కగా వెళ్ళిపోతుంది. తన చేతిలో నేర్పు లేదని నొచ్చుకొని, మరునాటి నుంచి నెల రోజులపాటు ఇంటి తివాచీ మీద పట్ సాధన చేస్తాడు. అతని శ్రద్ధను మెచ్చుకోవలసిందే గాని, ఆ నిర్ణయానికి ఆధారమేమిటన్నది ఆలోచించవలసిన విషయం.

వాస్తవానికి పి.జి.ఎ. టూర్‌లో ఆడే వృత్తి క్రీడాకారులు 20 అడుగుల నుంచి కొట్టిన పట్‌లలో గుంత చేరేవి నూటికి సుమారు 15 మాత్రమే. 8 అడుగుల దూరంలో కూడా వారి అవకాశం సగానికి సగమే. టీవీలో ఎక్కువగా కనిపించేది ఆ వారం పోటీలో ముందున్నవారు. వారి దెబ్బలలోనూ మళ్ళీ మళ్ళీ చూపేది విజయవంతమైనవే. వడబోసిన నమూనాను చూసి సగటును ఊహించడం గణాంక శాస్త్రంలో పాత పొరపాటు. ఈ ఆటలో దానికి మూల్యం అభిమాని సాధన సమయం.

ఈ పొరపాటును సరిదిద్దే మార్గం ఆర్థిక గణితం నుంచి వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయపు బిజినెస్ స్కూలులో ఆచార్యుడైన మార్క్ బ్రాడీ షేర్ ఆప్షన్ల ధరలు నిర్ణయించే పద్ధతులపై పరిశోధన చేసినవాడు, స్వయంగా గోల్ఫు ప్రియుడు. టూర్ నిర్వాహకులు లేజరు పరికరాలతో ప్రతి దెబ్బకూ బంతి ఎక్కడ ఆగిందో నమోదు చేసి భద్రపరిచిన లక్షలాది వివరాలను ఆయన విశ్లేషించాడు. ఏ దూరం నుంచి, ఎటువంటి నేల మీద నుంచి, గుంత చేరడానికి వృత్తి క్రీడాకారుడికి సగటున ఎన్ని దెబ్బలు అవసరమో పట్టిక కట్టాడు. దెబ్బకు ముందున్న సగటు నుంచి దెబ్బ తరువాతి సగటును తీసివేసి, కొట్టిన ఆ ఒక్క దెబ్బనూ తీసివేస్తే మిగిలేదే ఆ దెబ్బ విలువ. దీనిని స్ట్రోక్స్ గెయిన్డ్ అంటారు. ఆదా అయిన దెబ్బలు అని చెప్పుకోవచ్చు. 2011లో పి.జి.ఎ. టూర్ ఈ లెక్కను మొదట పట్టింగ్‌కు అధికారికంగా స్వీకరించింది.

ఒక ఉదాహరణతో ఇది తేటపడుతుంది. 400 గజాల గుంతను పూర్తి చేయడానికి టూర్ సగటు 3.99 దెబ్బలు. ఒక ఆటగాడు మొదటి దెబ్బతో బంతిని ఫెయిర్‌వే మీద, గుంతకు 160 గజాల దూరానికి చేర్చాడనుకుందాం. అక్కడి సగటు 2.98. కనుక అతనికి మిగిలింది 0.01, అంటే దాదాపు సగటు దెబ్బ. రెండో దెబ్బకు బంతి గుంతకు 8 అడుగుల దూరంలో ఆగింది. అక్కడి సగటు 1.50 కాబట్టి ఈ దెబ్బతో 0.48 ఆదా అయింది. తరువాత రెండు పట్‌లు పట్టాయి, 0.50 నష్టం. కార్డు మీద 4 పడింది.

ఇప్పుడు అదే గుంతను మరొకరు ఆడారు. మొదటి దెబ్బ పక్కనున్న దట్టమైన గడ్డిలో, అంటే రఫ్‌లో పడింది. దూరం అదే 160 గజాలైనా సగటు 3.23కు పెరిగింది, నష్టం 0.24. రెండో దెబ్బ గ్రీన్ చేరకుండా 20 గజాల దూరంలో మళ్ళీ రఫ్‌లోనే ఆగింది. అక్కడి సగటు 2.59, మరో 0.36 నష్టం. చిన్న దెబ్బతో 8 అడుగులకు తెచ్చాడు, 0.09 లాభం. ఆ పట్ ఒక్కసారికే పడింది, 0.50 లాభం. ఇతని కార్డు మీద కూడా 4!

సాయంత్రం ఇద్దరూ కార్డులు చూసుకొని తమ ఆట సమానమేనని అనుకుంటారు. పట్‌ల సంఖ్య మాత్రమే లెక్కించే పాత అలవాటున్నవారైతే రెండోవాడు మేలైన ఆటగాడని కూడా తేలుస్తారు. నిజానికి మొదటివానికి కావలసింది పట్టింగ్ సాధన, రెండోవానికి కావలసింది పొడవైన దెబ్బల సాధన. వైద్యుడు జ్వరాన్ని చూసి మందివ్వకుండా జ్వరానికి కారణం వెదకడం వంటిదే ఈ లెక్క.

దూరం కొట్టేది చూపుకు, పట్ కొట్టేది పైకానికి అనే అర్థం వచ్చే సామెత ఒకటి గోల్ఫులో చాలాకాలంగా ఉంది. దక్షిణాఫ్రికా క్రీడాకారుడు బాబీ లాక్ అన్నమాటగా చెబుతారు. బ్రాడీ లెక్కలు దీనిని దాదాపు తలకిందులు చేశాయి. ఉత్తమ క్రీడాకారులను ఇతరుల నుంచి వేరుచేసే తేడాలో సుమారు మూడింట రెండు వంతులు 100 గజాలకు పైబడిన దూరాల నుంచి కొట్టే దెబ్బలలోనే ఉందని, పట్టింగ్ వాటా నూటికి 15 దరిదాపులేనని ఆయన చూపాడు. వృత్తి క్రీడాకారునికీ సామాన్యునికీ మధ్య అంతరంలోనూ పెద్ద భాగం పొడవైన దెబ్బలదే. పట్‌లు సంఖ్యలో ఎక్కువ, నిజమే. కానీ వాటిలో చాలావరకు ఎవరు కొట్టినా పడే చిన్న దూరాలవి.

హాండికాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలామంది దానిని సగటు స్కోరుగా పొరబడుతుంటారు. 2020 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ హాండికాప్ పద్ధతిలో, చివరి 20 ఆటలలో మేలైన 8 మాత్రమే లెక్కకు వస్తాయి. కోర్సు రేటింగు 71.2, స్లోప్ 128 ఉన్నచోట 95 స్కోరు చేస్తే, 95 నుంచి 71.2 తీసివేసి, వచ్చిన 23.8ను 113తో హెచ్చించి 128తో భాగించాలి. ఫలితం సుమారు 21.0. కోర్సు కష్టాన్ని బట్టి సవరించిన అంకె అది. మేలైన రోజులనే లెక్కిస్తుంది కాబట్టి, మామూలు రోజున అంతకంటే ఎక్కువ దెబ్బలు పడితే సిగ్గుపడవలసిన పని లేదు. అయితే హాండికాప్ ఆటగాడి సామర్థ్యాన్ని చెబుతుందే గాని, లోపం ఎక్కడుందో చెప్పదు. దానికి సొంత నోటుపుస్తకం కావాలి.

ఆ నోటుపుస్తకాన్ని ఒక్క ఆటతో చదవరాదు. 90 స్కోరు చేసేవారికి పట్ పడే అవకాశం సగానికి సగంగా ఉండే దూరం సుమారు 5 అడుగులు. ఒక రోజున అటువంటివి నాలుగు వచ్చాయనుకుందాం. నాలుగూ పడే అవకాశం పదహారింట ఒకటి. నాలుగూ తప్పే అవకాశమూ అంతే. నేర్పులో రవ్వంత మార్పు లేకుండానే రెండు శనివారాల మధ్య నాలుగు దెబ్బల తేడా రావచ్చునన్నమాట. పది పన్నెండు ఆటలైనా నమోదు కానిదే క్లబ్బులు మార్చడం, గురువును మార్చడం తొందరపాటే. వృత్తి క్రీడాకారుల పట్టికతో పోల్చినప్పుడు సామాన్యుని దెబ్బలన్నింటికీ ఇంచుమించు నష్టమే కనిపిస్తుంది. అందువల్ల చూడవలసింది ఏ విభాగంలో నష్టం మిగతావాటికంటే ఎక్కువగా ఉందన్నదే.

ఇంతటి లెక్కకూ పునాది నిజం రాయడం. మిత్రబృందాలలో చెడిన దెబ్బను మలిగన్ పేరుతో మళ్ళీ కొట్టడం, మూడడుగుల పట్‌ను పడినట్లే వదిలివేయడం మామూలే. సరదాకు అడ్డు లేదు. కానీ టూర్ క్రీడాకారులకే మూడడుగుల నుంచి నూటికి నాలుగు తప్పుతాయి. పడినట్లు రాసుకున్న ప్రతి పట్ ఆ పుస్తకాన్ని కొంత పాడు చేస్తుంది.

2024 ఆగస్టు 31న అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో టూర్ చాంపియన్‌షిప్ మూడో రోజు ఆటలో ఇదే సాహిత్ తీగల ఇసుక గుంటలో ఉన్నాడు. క్లబ్బును వెనుకకు ఎత్తేటప్పుడు అది ఇసుకను తాకినట్లు అతనికి తోచింది. మరెవరూ ఎత్తిచూపకముందే తానే నిర్వాహకులకు చెప్పుకొని రెండు దెబ్బల జరిమానా స్వీకరించాడు. చివరకు పార్ కంటే 24 తక్కువతో మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానం కాలిన్ మొరికావాది, 26 తక్కువ. మూడో బహుమతి 75 లక్షల డాలర్లు, రెండోది ఒక కోటి 25 లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకుంటే ఇద్దరికీ చెరి కోటి డాలర్లు వచ్చేవి.

సామాన్యుని పుస్తకానికి ఐదు గడులు చాలు: దెబ్బకు ముందు దూరం, నేల ఎటువంటిది, ఏ క్లబ్బు, బంతి ఎక్కడ ఆగింది, మిగిలిన దూరం. గ్రీన్ మీద దూరాన్ని అంగలతో కొలవవచ్చు. పెద్దవారి సాగిన అంగ సుమారు మూడడుగులు. ఒకసారి ఇంట్లో టేపుతో సరిచూసుకుంటే మంచిది. ప్రతి దెబ్బ తరువాత రాయబోతే వెనుక వచ్చే జట్టు ఆగిపోతుంది కనుక, తరువాతి గుంత వైపు నడుస్తూనే రాసుకోవాలి.