పద్యమును చెవితో సరిచూచుట

మారిషసులోని మన యిండ్లలో తాతలు, అవ్వలు నేర్పిన పద్యములు కొన్ని నోటికి వచ్చినవే, రోమను లిపిలో నోటుపుస్తకముల కెక్కి నిలిచినవి. ఆ లిపిలో మనవారు సాధారణముగా దీర్ఘమును గుర్తింపరు. ఒత్తును ఒకచో వ్రాసి యొకచో విడుతురు. పిల్లవాడు దానిని చూచి చదివినప్పుడు పద్యము కుంటుచున్నదని పెద్దలకు తెలియును గాని, ఎక్కడ కుంటినదో చెప్పజాలరు. అది చెప్పగల సాధనము ఛందస్సు.

హ్రస్వాక్షరము లఘువు, దానికి ఒక మాత్ర. గురువునకు రెండు మాత్రలు. దీర్ఘము గురువు, సున్నగాని పొల్లుగాని గల యక్షరము గురువు, ఒత్తక్షరమునకు ముందున్న యక్షరమును గురువే. ‘అమ్మ’లో అ గురువు, మ్మ లఘువు. పిల్లలు మ్మను గురువనుట సహజము. ఒత్తు దానిక్రిందనే కనబడును గదా! భారము మాత్రము ముందటి యక్షరముపై పడును.

వేమన పద్యములు చాలవరకు ఆటవెలదులు. ఆ పద్యమునకు సూర్యగణములు, ఇంద్రగణములు కావలెను. సూర్యగణములు రెండే: ‘తోట’ వంటి హగణము, ‘చెరకు’ వంటి నగణము. ఇంద్రగణములు ఆరు. ‘రాముడు’ అను భగణము వానిలోనిది. మన పెద్దలలో పలువురు ఓడ యెక్కిన రేవు ‘కోరంగి’ తగణము. 1, 3 పాదములలో మూడు సూర్యగణములు, పిదప రెండు ఇంద్రగణములు. 2, 4 పాదములలో ఐదును సూర్యగణములే. నాలుగవ గణము మొదటి యక్షరము, పాదము మొదటి యక్షరముతో మైత్రి కలిగియుండవలెను. ఇది యతి.

అభ్యాసమునకై రెండవ పాదము నొకదానిని కూర్చితిని:

చెరకు తోటలోని చిన్న పాట

చెరకు, తోట, లోని, చిన్న, పాట: ఐదు గణములు. చె–చి యతి. ఇకారమునకు ఎకారము మిత్రము గనుక చెల్లినది. ఆ చోట ‘చు’ యున్నచో చెల్లదు. ఇప్పుడు దీనినే నోటుపుస్తకములో నున్నట్లు ‘చెరకు తొటలొని చిన పాట’ అని చదువుడు. చెరకు, తొటలొ, నిచిన, పాట: నాలుగు గణములే మిగిలినవి. (గణము మాటతోపాటు ముగియవలెనను నియమము లేదు.) నాలుగవ గణము ‘పా’తో మొదలగుటచే యతియు తప్పినది. పోయిన దీర్ఘములను, ఒత్తును తిరిగి నిలిపిననే పాదము నిండును. అర్థము తెలియని బాలుడును ఈ పరీక్ష చేయగలడు.

అయితే ‘పాట’ యా, ‘పాత’ యా యను సందేహమును గణములు తీర్పజాలవు; రెండును హగణములే. సుమతీ శతకమునందలి కందములలో ఇట్టి చోట ప్రాస కొంత సాయపడును. అన్ని పాదములలోను రెండవ యక్షరపు హల్లు ఒకటే కావలెను గనుక, ఒక పాదమున ‘ట’ నిశ్చయమైనచో తక్కిన మూడింటను ‘ట’యే. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. అందు ఉపమానమును చూడవలెను. నీతిని ముందు చెప్పి, దానికి కుక్కనో, ఉప్పునో, చెట్టునో సాటి తెచ్చుట వేమన్న యలవాటు. సాటి కుదరని మాట తప్పుగా వ్రాయబడినదని యనుమానింపవచ్చును.

అప్పటికిని తెగని యక్షరము క్రింద గీత గీసి, ఆ పద్యము వచ్చిన పెద్దలచేత ఒకమారు పాడించుకొని వినుడు. వారి నోట దీర్ఘము ఇంకను దీర్ఘముగనే యున్నది.