వెండి పొడి మీద వేలు పెట్టొద్దు

సున్నిపెంట

అల్లుడూ,

నంద్యాల్లో నీ షెడ్డు ముందర ‘బుల్లెట్ పార్టులకు క్రోమ్ ఫినిష్’ అని బోర్డు కట్టినావంట, సైలెన్సర్లు కూడా ఒప్పుకుంటున్నావంట. ఆత్మకూరు మీద బస్సులో వచ్చిన పక్కింటాయన చెప్పినాడు. అది విన్నప్పట్నుంచి మనసు మనసులో లేదురా.

అసలు క్రోమ్ సంగతి నీకు తెలీనిది కాదు. తొట్టిలో నికెల్ ఎక్కినాక పైన పడే క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు. నువ్వు కొట్టేది అల్యూమినియం పొలుసులు కలిపిన సిల్వర్ పౌడర్ కోటింగ్. ఓవెన్‌లో అది కరిగినప్పుడు పొలుసులు పైకి తేలి, చేపకున్నట్టు వరసగా పరుచుకుంటేనే మెరుపు. పైన క్లియర్ కోటు కొడితే అవి చెదిరి బూడిదరంగు తిరుగుతుంది. కొట్టకపోతే చేతులు తగిలి నల్లబడుతుంది. అందుకే అడుగున నల్ల గ్లాసీ కోటు నున్నగా రానీ. ఓవెన్ గాలి వేడి కాదు, ఇనుము వేడెక్కినప్పట్నుంచి టైము లెక్కబెట్టు. సిల్వర్ బాగా ఉడికినాకే క్లియర్, అదీ ముందు తుక్కుముక్క మీద చూసుకుని.

ఇదంతా ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది చేతుల గురించి.

ఇక్కడి ప్రాజెక్టు వర్క్‌షాపులో నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు మా మేస్త్రి పొద్దున ఉగ్గాని బజ్జీ తిని వచ్చినోళ్ల చేతులు ఒక్కొక్కరివీ వాసన చూసేవాడు. బజ్జీ నూనె వాసన తగిలిందా, మళ్లీ సోడా నీళ్లకు పంపేవాడు. నవ్వుకునేవాళ్లం. ఒకడు మాత్రం గీకి తుడిచిన రేకును ఒట్టి చేత్తో పట్టి రంగుకిచ్చినాడు. వానాకాలం దాటేసరికి పెయింటు కింద అయిదు వేళ్లూ తుప్పుగా లేచినాయి, బొటనవేలు గీతలతో సహా! ఆ రేకు మేస్త్రి చాలాకాలం గోడకు తగిలించి పెట్టినాడు.

నీ సిల్వర్ అంతకంటే సుకుమారం. ఓవెన్ నుంచి తీసినాక, క్లియర్ పడేలోపల, ‘ఎట్లొచ్చింది’ అని ఒక్క వేలు తాకిస్తే చాలు, ఆ మచ్చ క్లియర్ కింద శాశ్వతం. గుడ్డతో తుడవొద్దు, పొలుసే ఊడొస్తుంది. కొక్కెం పట్టుకునే తిప్పు. చూడ్డానికొచ్చిన ఫ్రెండ్లను గడప బయటే నిలబెట్టు. టీ గ్లాసు లోపలికి రానీయొద్దు. నూలు గ్లౌజులు నూగు రాలుస్తాయి, రబ్బరువే వాడు.

సొంతంగా క్రోమ్ తొట్టి పెడతానని రాసినావే, ఆ ఆలోచన మానుకో నాయనా. ఆ తొట్టిలోని యాసిడ్ ఆవిరికి ముక్కు దూలం చిల్లుపడిన మనిషిని చూసినోణ్ణి. క్యాన్సర్ కూడా తెస్తుందది. మీయమ్మకు నువ్వొక్కడివే. పౌడరు కొట్టేటప్పుడు మాస్కు పెట్టుకుంటున్నావా? నిజం రాయి.

సైలెన్సర్లకు తీసుకున్న అడ్వాన్సు తిరిగిచ్చేయి. ఇంజన్ దగ్గరి వేడికి ఆ కోటు పచ్చబడి ఊడుతుంది. క్రాష్ గార్డులు, వెనక క్యారియర్లు చెయ్యి, బోర్డు మీద ‘క్రోమ్ లుక్’ అని మార్చు. అద్దంలో చూసినట్టు మీసం దువ్వుకోవచ్చని మాత్రం ఎవరికీ చెప్పకు.

బస్సు డ్రైవరు చేతికి గ్లౌజుల డబ్బా, మీ అత్త చేసిన కారంపొడి ఇస్తున్నా. రెండూ వేర్వేరు సంచుల్లో పెట్టినా, కలపొద్దు.

మీ మామ