పోయి, తిని, పండుకొని

ఆదోనిలో మా పక్కింటి ఆరో తరగతి పిల్ల నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. నిన్న ఏం చేశారో ఇంగ్లీషులో రాసుకు రమ్మన్నారట బడిలో. ఆ పిల్ల రాసింది ఇది: ‘యెస్టర్డే ఐ గో హోమ్, ఈట్ రైస్, ప్లే అండ్ స్లెప్ట్.’ మూడుచోట్ల ఎర్రగీత. పక్కన ‘టెన్స్’ అని ఒక్క ముక్క. వాళ్లమ్మ కంట్లో పడినవి ఆ గీతలే. ‘ఇంతింత ఫీజు కడ్తాండాం, ఒక్క మాటన్నా సక్కంగ రాదు సార్’ అంటూ మొట్టికాయకు చెయ్యెత్తింది.

ఉండమ్మా అని, పిల్లను అదే సంగతి తెలుగులో చెప్పమన్నాను. ‘ఇంటికి పోయి, బువ్వ తిని, ఆడుకొని, పండుకున్యా’ అంది గుక్క తిప్పుకోకుండా.

ఈ మాటను కాస్త నిదానంగా చూడండి. పోయి, తిని, ఆడుకొని అన్నవాటిలో నిన్నా లేదు, రేపూ లేదు. ‘పండుకున్యా’ అన్నాక గానీ ఇదంతా జరిగిపోయిందని తెలీదు. చివర ‘పండుకుంటా’ అని మార్చారా, మొత్తం రేపటి సంగతైపోతుంది. తెలుగులో కాలం బరువంతా చివరి క్రియదే. ఇంగ్లీషులో అట్లా సాగదు. వెంట్, ఏట్, ప్లేడ్, స్లెప్ట్: జరిగిన ఏ పనికాపని తన గతాన్ని తానే మోసుకోవాలి. ఈ పిల్ల ఆఖరి మాటకు ఒక్కదానికే గతకాలం పెట్టిందంటే, తెలుగు లెక్క పొల్లుపోకుండా పాటించిందన్నమాట. తప్పు తప్పే. మొట్టికాయ తినాల్సిన తప్పు మాత్రం కాదు.

మన పడమటి తాలూకాల్లో ఇది తెలుగు పిల్లలకే వచ్చే చిక్కు కూడా కాదు. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల ‘హోగి’ అంటుంది, ఉర్దూ మాట్లాడే పిల్లవాడు ‘జాకే, ఖాకే’ అంటాడు. అందరి ఇళ్లలోనూ నడక ఒకటే. ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పాలి. ఇంగ్లీషువాళ్లకు తెలుగు నేర్పడానికి 1816లో వ్యాకరణం అచ్చువేయించిన ఎ.డి. క్యాంబెల్, తర్వాత బళ్లారి కలెక్టరయ్యాడు. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోదే. 1953లో గానీ ఆంధ్ర వైపు రాలేదు. ఆయన 1823లో జిల్లా బడులు లెక్కపెట్టిస్తే 533 తేలాయి. కన్నడం బడులు 235, తెలుగువి 226, మరాఠీ, ఫారసీ, సంస్కృతం బడులు కొన్ని. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం బోర్డు లేని వీధి చూపించమంటే వెతకాలి. బోర్డులు మారినంత తొందరగా నోట్లో వాక్యం మారదు కదా.

మీకు ఇంగ్లీషు రాదనే దిగులు ఈ విషయంలో అక్కర్లేదు. రాత్రి అన్నాలయ్యాక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నిన్నటి సంగతి తెలుగులోనే చెప్పించండి. ఒక్కో పనికి ఒక్కో వేలు మడిపించండి. పోయి, ఒకటి. తిని, రెండు. ఆడుకొని, మూడు. పండుకున్యా, నాలుగు. ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పమనండి. మడిచిన ప్రతి వేలికీ గతకాలం మాట ఒకటి రావాలి. నాలుగు వేళ్లు మడిచి మూడే వచ్చాయంటే ఎక్కడో జారిందని మీకూ తెలుస్తుంది, ఏబీసీడీలు రాకపోయినా సరే. వెంట్, కేమ్, ఏట్, సా, టుక్, గేవ్, బాట్, సెడ్ లాంటివి పది పన్నెండు పిల్లతోపాటు మీకూ నోటికొస్తే పిల్లల రోజువారీ సంగతులు చాలామటుకు గడిచిపోతాయి. మొదట్లో ‘అండ్ దెన్, అండ్ దెన్’ అంటూ గొలుసు కడతారు. కట్టనివ్వండి.

మధ్యలో ఆపి దిద్దొద్దని ఎమ్మిగనూరులో ఒక నేతపనివారి ఇంట్లో చెప్పబోయి నేనే ఇరుక్కున్నాను. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గం మీద సామెతలు వాళ్లకు మనం చెప్పక్కర్లేదు. ‘పోగు తెగినప్పుడే ఆపి అతకాల సామీ, గజం నేసినాక జూస్తే గుడ్డ పాడైతాది’ అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. గుడ్డ విషయంలో ఆయన మాటే నిజం. కానీ పోగుకు సిగ్గు లేదు. నాలుగుసార్లు ఆపితే పిల్ల ఐదోసారి నోరు తెరవదు. ముందు కథ మొత్తం విని, ఆనక ఏదో ఒక్కటి దిద్దితే చాలు.

దిద్దాల్సినవాటిలో నాకు బాగా ఇష్టమైనది ‘బిఫోర్’. ‘అమ్మ రాకముందు హోంవర్క్ చేసినా’ అంటాం. రాక అనడంలోనే ‘లేదు’ దాగి ఉంది. అందుకే పిల్లలు ‘బిఫోర్ మదర్ డిడ్ నాట్ కమ్’ అని రాస్తారు. ఇంగ్లీషుకు ఆ ‘లేదు’ పనికిరాదు. ‘బిఫోర్ మదర్ కేమ్’ అంతే. ఇట్లాగే ‘వాన పడినా నేను పోయినా’ అన్నదానికి ఆల్దో ఒకటి, బట్ ఒకటి, రెండూ తగిలిస్తారు. ఒకటి తీసేయమంటే సరి.

పెద్ద తరగతుల పిల్లలైతే ఇంకో దారి ఉంది. పోయి, పోతూ, పోతే, పోయినా అన్నవాటికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లుపెట్టి తెలుగు పరీక్షలో రాయిస్తారు. ఇంగ్లీషు పీరియడ్లో ఇదే పని చేసే అండ్, వైల్, ఇఫ్, ఆల్దో లాంటి మాటలను కంజంక్షన్లంటారు. రెండు పీరియడ్లలోనూ చాలావరకు ఒకే పాఠం నడుస్తోందని పిల్లలకు చెప్పేవాళ్లు అరుదు. మీరే చెప్పండి. ప్రభుత్వ బడి పిల్లలకు 2020 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. తెలుగు పేజీలో ‘పోయి’, ‘చేసి’ లాంటి మాట దగ్గర వేలు పెట్టించి, అదే పని ఎదుటి పేజీలో ఎట్లా మారిందో వెతికించడం మంచి ఆట.

ఇక సుగ్గికి, అంటే కూలిపనులకు వలస, పోయే ఇళ్లవాళ్లకు ఒక మాట. పత్తికీ మిరపకాయలకూ గుంటూరు వైపు పిల్లల్ని వెంటబెట్టుకు పోకుండా ఉంటేనే మంచిది, వదిలిపోవడానికి ముసలివాళ్లో హాస్టలో ఉంటే. తప్పనిసరై తీసుకుపోతే, తిరిగొచ్చాక ఆ నెలలు చదువు పోయిన నెలలని మాత్రమే అనుకోకండి. పిల్లవాడి దగ్గర జరిగిపోయిన సంగతులు బోలెడున్నాయి.

అట్లా కోసిగి వైపు నుంచి పోయొచ్చిన ఒక పిల్లవాడితో కూర్చున్నాను. ‘కాయలు తెంచిన చేత్తో కండ్లు నలుపుకొని ఏడ్సినా’ అన్నాడు. రెండు వేళ్లు మడిచాడు. ‘ఐ రబ్డ్ మై ఐస్ అండ్ ఐ క్రైడ్’ అన్నాడు. తప్పేం లేదు. ఎందుకేడ్సినావని అడిగాను. తెలుగులో ‘నలుపుకొని’ అన్న ఒక్క మాటలో ముందువెనుకలూ ఉన్నాయి, కారణమూ ఉంది. ఇంగ్లీషులో ఏది కావాలో ఎంచుకోవాలి. వాడు మడిచిన వేళ్ల వంక కాసేపు చూసుకుని, రెండో వేలు ముందు పట్టుకున్నాడు.

‘ఐ క్రైడ్ బికాజ్ ఐ రబ్డ్ మై ఐస్.’