ఆరోగ్య బీమా మార్పులు – భివండి సాంచా కార్మికుని లెక్క

భివండిలో పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతములలో పనిచేయుచున్న మన నేత కుటుంబముల నుండి గత కొంతకాలముగా ఒకే ప్రశ్న మాటిమాటికి వచ్చుచున్నది. "ఆరోగ్య బీమాపై పన్ను తీసివేసినారట గదా, మాకెంత తగ్గును?" అని. ఒక్క మాటలో చెప్పవలెనన్న, చాలమందికి ఏమియు తగ్గదు. ఏలయనగా ఆ పన్ను కట్టు బీమాలో వారు ఎన్నడును చేరియుండలేదు. ఈ జవాబు విని కొందరు నొచ్చుకొనిరి. కాబట్టి లెక్కను మొదటినుండి విప్పి చూపుట మంచిదని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందు పన్ను సంగతి. 2017 జూలై 1 నుండి ఆరోగ్య బీమా ప్రీమియముపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. వసూలగుచు వచ్చినది. రోగమునకు భయపడి ముందుచూపుతో దాచుకొను సొమ్ముపై పన్నేమిటని అనేకులు అడిగిరి. 2024 జూలైలో నాగపూరు జీవిత బీమా ఉద్యోగుల సంఘము వారి విన్నపమును పురస్కరించుకొని, కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారు ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారికి ఈ పన్ను తీసివేయవలసినదిగా లేఖ వ్రాసిరి. ఆ సెప్టెంబరులో జి.ఎస్.టి. కౌన్సిలు ఈ విషయమును బీహారు ఉపముఖ్యమంత్రి సమ్రాట్ చౌదరి గారి నాయకత్వమున ఒక మంత్రుల సంఘమునకు అప్పగించినది. మన తెలంగాణ ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క గారు ఆ సంఘములో సభ్యులు. పన్ను తీసివేసినచో ఆ లాభము కంపెనీల పెట్టెలోనికి పోక పాలసీదారునికి చేరునట్లు చూడవలెననునది అక్కడ వచ్చిన ముఖ్యమైన మాట. తుదకు 2025 సెప్టెంబరు 3న కౌన్సిలు నిర్ణయించగా, 22వ తేదీ నుండి వ్యక్తిగత పాలసీలపై, కుటుంబమంతటికి ఒకటిగా తీసుకొను పాలసీలపై పన్ను పూర్తిగా పోయినది.

ప్రీమియము రూ.20,000 అనుకొందము. పూర్వము పన్ను రూ.3,600 కలిసి రూ.23,600 అయ్యెడిది. ఇప్పుడు రూ.20,000 మాత్రమే కావలెను. కాని ఇక్కడ ఒక మెలిక కలదు. నూలుపై కట్టిన పన్నును గుడ్డపై పన్నులో తీసివేసుకొను పద్ధతి మన వర్తకులకు తెలిసినదే. బీమా కంపెనీలు గూడ ఏజెంట్ల కమీషనుపై, ఆఫీసు అద్దెలపై కట్టిన పన్నును అట్లే మినహాయించుకొనెడివి. అమ్మకముపై పన్ను లేనప్పుడు ఆ మినహాయింపు ఉండదు. ఆ భారమును కంపెనీ తాను మోయవలెను, లేదా కమీషనులో కోయవలెను, లేదా మన ప్రీమియముపై వేయవలెను. అసలు ప్రీమియమును రూ.20,800 చేసినదనుకొన్న, మనకు మిగులునది రూ.3,600 కాదు, రూ.2,800. కావున పాలసీ పునరుద్ధరించునప్పుడు పోయిన సంవత్సరపు రసీదును ప్రక్కన పెట్టుకొని, పన్ను లేని అసలు ప్రీమియములను రెంటిని పోల్చి చూడవలెను. మొత్తము తగ్గినదని సంతోషించి ఊరకుండరాదు.

ఇంతకంటె ముఖ్యమైనది సంఘముల సంగతి. సంఘము పేరిట సభ్యులందరికి కలిపి తీసుకొను సామూహిక పాలసీకి ఈ మినహాయింపు లేదు. దానిపై 18 వంతు యథాప్రకారముగా నున్నది. 200 కుటుంబములు కుటుంబమునకు రూ.9,000 చొప్పున కట్టిన, ప్రీమియము రూ.18 లక్షలు, పన్ను రూ.3,24,000. ఆ పన్ను సొమ్ముతో మరి 36 కుటుంబములకు ప్రీమియము కట్టవచ్చును. పెద్ద కంపెనీ తన ఉద్యోగులకై తీసుకొను పాలసీకిని, రోజుకూలి వారు చందా వేసుకొని తీసుకొను పాలసీకిని ఒకే త్రాసు వాడుట న్యాయముగా లేదని మా అభిప్రాయము. డబ్బుగలవాడు ఒంటరిగా కొనుక్కొనును. పేదలు గుంపుగా చేరినగాని వారికి బీమా దొరకదు. గుంపు పాలసీలో వైద్య పరీక్ష అడగరు. ముందే ఉన్న రోగములకు మొదటి రోజునుండియే వర్తింపజేయుట తరచుగా ఉండును. అయితే గుంపులో క్లెయిములు ఎక్కువైన ఏడాది తరువాత ధర ఒక్కసారిగా పెరుగుననునది గూడ మరువరాదు.

ఇక నియమముల మార్పులు. బీమా నియంత్రణ సంస్థ వారు 2024 ఏప్రిల్ నుండి, ముందే ఉన్న రోగములకు కంపెనీ పెట్టగల నిరీక్షణ కాలమును నాలుగు సంవత్సరముల నుండి మూడుకు తగ్గించిరి. ఐదు సంవత్సరములు తెంపు లేకుండ పాలసీ నడిచిన పిమ్మట, మోసము రుజువైననే తప్ప, "నీవు ఫలానా రోగము దాచితివి" అని క్లెయిము త్రోసివేయుటకు వీలులేదు. ఇది పూర్వము ఎనిమిది సంవత్సరములు. 65 దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వము అనుటకును వీలు లేకుండ చేసిరి. నగదు లేని చికిత్సకు కోరినచో ఒక గంటలో, ఇంటికి పంపునప్పుడు మూడు గంటలలో కంపెనీ తన నిర్ణయము చెప్పవలెను. 2025 జనవరిలో, వృద్ధుల ప్రీమియమును ఏడాదికి నూటికి 10కి మించి పెంచవలెనన్న ముందుగా తమతో సంప్రదించవలెనని ఆజ్ఞ ఇచ్చిరి. ఇవన్నియు మంచివే. కాని ఊరకే రావు. రోగులు త్వరగా, ఎక్కువగా క్లెయిము పొందిన కొలది ఆ ఖర్చు అందరి ప్రీమియములోనికి వచ్చును. నియమములు సడలించుమని అడుగువారును, ప్రీమియము తగ్గించుమని అడుగువారును తరచుగా ఒకే మనుష్యులు. ఆ రెండు కోరికలు ఒకదానితో నొకటి ఎక్కడ ఢీకొనునో తెలిసి అడుగుట మేలు.

ఏజెంటు మాట నమ్మి సంతకము చేయు అలవాటు గురించి ఇక్కడ ఒకటి చెప్పవలెను. భివండిలో బిస్సీ నడుపుచున్న మన ఊరి ఆడపడుచు ఒకరికి చాలా ఏండ్లుగా ఉబ్బసము. ఫారము నింపిన వ్యక్తి ఆ ప్రశ్నకు ఎదురుగా "లేదు" అని వ్రాసెను. "ఉన్నదంటే ప్రీమియం పెరుగుతది అక్కా" అని నచ్చజెప్పెనట. రెండవ ఏట ఊపిరాడక ఆస్పత్రిలో చేరగా, పాత మందుచీటీ బయటపడి క్లెయిము తిరస్కరింపబడినది. ఆస్పత్రి బాకీకి పుస్తెలతాడు తాకట్టు పెట్టిరి. కాగితములు మా వద్దకు తెచ్చినప్పుడు సంతకము ఆమెదే, చదివినది మాత్రము ఆమె కాదు. మేము చేయగలిగినది ఏమియు లేకపోయినది. నిజము వ్రాసియున్న ఉబ్బసమునకు నిరీక్షణ కాలము పట్టెడిది, ప్రీమియము కొంత పెరిగెడిది. అంతకుమించి నష్టము లేదు. పాలసీ చేతికి వచ్చిన పిమ్మట 30 రోజులలో నచ్చనిచో తిరిగి ఇచ్చివేయు హక్కు కలదు. ఆ 30 రోజులలో చదువువచ్చిన పిల్లవానిచేత ఫారము నకలు చదివించుకొనవలెను.

గది అద్దె హద్దు మరొక గుంత. రూ.3 లక్షల పాలసీలో రోజుకు నూటికి ఒకటి, అనగా రూ.3,000 గది హద్దు ఉన్నదనుకొందము. మనము రూ.5,000 గదిలో చేరితిమి. కంపెనీ తగ్గించునది గదిపై రూ.2,000 మాత్రమే అని అనుకొందురు. అట్లు కాదు. 3,000కును 5,000కును గల నిష్పత్తిలో, అనగా నూటికి 60 చొప్పున, డాక్టరు ఫీజు, నర్సింగు, ఆపరేషను థియేటరు ఖర్చులు గూడ కోయుదురు. మందులు, పరీక్షలు, లోపల అమర్చు పరికరములు మాత్రము ఈ కోతలోనికి రావు. బిల్లు రూ.1,20,000, అందులో మందులు, పరీక్షలు రూ.30,000 అయినచో, మిగిలిన రూ.90,000లో రూ.54,000 మాత్రమే వచ్చును. మొత్తము రూ.84,000. చేతినుండి రూ.36,000. పెద్ద గదిలో చేర్పించుట మర్యాద యనుకొను బంధువులకు ఈ లెక్క ముందే చెప్పియుంచవలెను. అన్ని కంపెనీలును ఒకే నియమములతో అమ్మవలసిన ఆరోగ్య సంజీవని యను పాలసీ 2020 ఏప్రిల్ నుండి కలదు. దానిలో గది హద్దు నూటికి 2, గరిష్ఠము రోజుకు రూ.5,000. ప్రతి క్లెయిములో నూటికి 5 మనము భరించవలెను. నియమములు ఒకటే గనుక కంపెనీల ధరలు పోల్చుట సులభము.

ఇంతవరకు చెప్పినది కొనుక్కొను బీమా. సాంచాపై 12 గంటలు నిలబడి మీటరు లెక్కన కూలి తీసుకొనువాడు ఏటా రూ.20,000 ఎక్కడ తెచ్చును? అతనికి చట్టము వేరొక దారి చూపినది. అదే ఇ.ఎస్.ఐ. అదార్కర్ గారి 1944 నివేదిక మీద 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమై, 1954లో బొంబాయికి వచ్చినది. బొంబాయి మిల్లులలో పనిచేసిన మన పెద్దలు దానిని అనుభవించినవారే. 1982 సమ్మె తరువాత మిల్లులు మూతబడి, నేత పని భివండి సాంచాలకు తరలినది. గుడ్డ తరలివచ్చినది గాని ఇ.ఎస్.ఐ. దానివెంట రాలేదు. పది మంది గాని అంతకు ఎక్కువమంది గాని పనిచేయు చోటనే చట్టము తప్పనిసరి. ఒకే కప్పు క్రింద నాలుగు పేర్లతో కార్ఖానాలు విడగొట్టి చూపుట, కార్మికుని పేరు ఏ పుస్తకములోను లేకుండుట భివండిలో క్రొత్త సంగతి కాదు.

దీని ఖర్చు చూడుడు. 2019 జూలై నుండి యజమాని జీతముపై నూటికి 3.25, కార్మికుడు 0.75 కట్టవలెను. నెలకు రూ.15,000 సంపాదించువానికి యజమాని వాటా రూ.487.50, అతని వాటా రూ.112.50. దానికి గాను కుటుంబమునకంతకు వైద్యము, ముందే ఉన్న రోగమని వంక లేదు. నిర్ణీత రోజులు చందా కట్టియున్నచో జబ్బుపడిన కాలమునకు ఏడాదిలో 91 రోజులవరకు జీతములో నూటికి 70 వచ్చును. క్షయవంటి దీర్ఘ రోగములకు ఇంకను ఎక్కువ. ఏ ప్రైవేటు ఆస్పత్రి పాలసీలోను పోయిన కూలి రాదు.

యజమానులు ఈ భారము మోయలేమందురు. సేఠ్ ఇచ్చిన నూలును కూలికి నేయించు ఆరు సాంచాల ఆసామి కష్టము మేమెరుగుదుము. అయినను లెక్క వేసి చూతము. ఒకడు ఆరు సాంచాలు నడిపి, సాంచాకు రోజుకు 50 మీటర్ల వంతున 26 రోజులు నేసిన 7,800 మీటర్లు. రూ.487.50ను వానిపై పంచిన మీటరునకు 6.25 పైసలు. ఈ ఆరు పైసలు చిన్న ఆసామిపై గాక, అతనికి మీటరు ధర కట్టు సేఠ్‌పై పడవలెననునది మా వాదము. బేరము అక్కడ జరగవలెను. 2025 నవంబరు 21న అమలులోనికి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో, పదిమంది కంటె తక్కువ ఉన్నచోట గూడ యజమానియు, ఎక్కువమంది కార్మికులును ఒప్పుకొన్నచో ఇ.ఎస్.ఐ.లో చేరు వీలు కల్పించిరి. నెల జీతము రూ.21,000 దాటినవారికి మాత్రము హద్దు అడ్డువచ్చును.

ప్రభుత్వ ఉచిత పథకముల సంగతి చూడబోయిన, చిక్కంతయు రేషను కార్డులో కలదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ హద్దును 2023 డిసెంబరు 9 నుండి రూ.10 లక్షలు చేసిరి. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిబా ఫులే జన ఆరోగ్య యోజనను 2023లో నిర్ణయించి రూ.5 లక్షలకు పెంచి, అన్ని రంగుల కార్డులవారికిని విస్తరించిరి. కాని దానికి మహారాష్ట్ర రేషను కార్డో, నివాస ధ్రువపత్రమో కావలెను. ఇరవై ఏండ్లుగా భివండిలో ఉన్నను కార్డు సిరిసిల్ల దగ్గర పల్లెలో ఉన్నవారు మనలో లెక్కలేనంతమంది. "అన్నా, బియ్యం ఈడ ఇస్తున్నరు, దవాఖానల ఆ కార్డు నడవదంటున్నరు, గిదేం లెక్క?" అని ఒక తమ్ముడు అడిగెను. ఒకే దేశము, ఒకే రేషను పద్ధతిలో బియ్యము సరిహద్దు దాటినది. ఆరోగ్యశ్రీ దాటలేదు. కేంద్రము వారి ఆయుష్మాన్ భారత్ జాబితాలో పేరున్నవారికి మాత్రము ఏ రాష్ట్రపు గుర్తింపు ఆస్పత్రిలోనైనను చెల్లును. కావున పల్లెలోని కార్డు రాష్ట్రపు జాబితాలోనిదా, కేంద్ర జాబితాలోనిదా ముందే కనుగొనవలెను. 70 దాటిన తల్లిదండ్రులకు 2024 అక్టోబరు 29 నుండి ఆదాయముతో పని లేకుండ రూ.5 లక్షల కార్డు కలదు. ఆధారు ఉన్న చాలును.

ఇన్ని లక్షల కార్డులలోను దగ్గు మందు రాదు. నేతవాని డబ్బు ఎక్కువ పోవునది ఆస్పత్రి మంచము మీద కాదు. దూది ధూళి దగ్గుకు, నడుమునొప్పికి, చక్కెరకు నెలనెలా కొను మాత్రల మీద. 2005-06లో చేనేతవారికి పెట్టిన ఆరోగ్య బీమాలో కుటుంబమునకు రూ.15,000 మాత్రమే ఉన్నను, అందులో రూ.7,500 ఆస్పత్రిలో చేరకుండ చూపించుకొను వైద్యమునకు కేటాయించిరి. గుంటమగ్గముపై తండ్రికి ఆ కార్డు ఉండెను, సాంచాపై కొడుకునకు లేదు. పిదప ఆ పథకము ఇతర పథకములలో కలిసి నిలిచిపోయినది. బయటి వైద్యము మాట తిరిగి ఎత్తినవారు తక్కువ.

కార్డును భివండికి మార్చుకొనవలెనా యని అడుగువారికి: మార్చుటకు పల్లె కార్డులో పేర్లు తీసివేయించిన పత్రము కావలెను. కొడుకు, కోడలు, పిల్లల పేర్లు మాత్రమే తీసి, పల్లెలో మగ్గము నేయుచున్న తలిదండ్రుల పేర్లు అక్కడనే ఉంచవచ్చును. అందరి పేర్లు ఒకేసారి తీసివేసిన, పెద్దవారి బియ్యము, ఆరోగ్యశ్రీ రెండును పోవును. పత్రము చేతికి వచ్చినదాక పాత కార్డు నకలు ఒకటి పెట్టెలో ఉంచుకొనుడు.