బొద్దెలుక సంతతి

ప్రశ్న: మా పెంపుడు తెల్లయెలుకల ఈతలో మిక్కిలి బొద్దైనదొకటి పుట్టినది. దాని సంతతిని వృద్ధిచేయవచ్చునా? — పాఠకుడు, భద్రాచలము

జవాబు: వలదని నా దృఢమైన మనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1920 నుండి వచ్చుచున్న విస్టార్ అను యెలుకల వంశమును అంతఃప్రజననముతో పెంచుచుండగా, అందొక జన్యువు తనంత తానే మారి స్థూలకాయములైన యెలుకలు పుట్టినవి. అవి తృప్తి యెరుగక తినును, సంతానహీనములగును, కంటిశుక్లములకును కణుతులకును లోనై, అయ్యో, తక్కినవానికన్న ముందే మరణించును. మారిన ఆ జన్యువు నొక్కొక్క ప్రతిగా మోయు తలిదండ్రులకు సగటున నాలుగింట నొకపిల్ల యిట్లు జన్మించును.

మీ యెలుక బొద్దుదనమునకు గర్భమో కణితియో కూడ కారణము కావచ్చును గావున ఖమ్మములో పశువైద్యునకు చూపుడు. పిల్లలకు ఐదవ వారము వచ్చుసరికే ఆడమగలను వేరుచేయుడు. మిగిలినవానిని అడవిలో విడువకుడు.