లోటస్ నోట్స్ నేర్పే పాఠం

"ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఎన్నాళ్ళు గిరాకీ ఉంటుంది?" అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. అప్పు చేసి కట్టే ఫీజు కనుక ఆ ప్రశ్న సబబే. జవాబుగా లోటస్ నోట్స్ సంగతి చెబుతాను.

ఆఫీసు ఉద్యోగులు ఉత్తరాలు, రికార్డులు కలిసి వాడుకునేందుకు రే ఓజీ బృందం తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ 1989లో విడుదలైంది. దాని డెవలపర్లు కలుసుకునే లోటస్‌ఫియర్ సభలు 1993లో అమెరికాలోని ఓర్లాండోలో మొదలయ్యాయి. 1995లో లోటస్ కంపెనీని ఐబీఎం కొన్నది. 2019లో నోట్స్ మన దేశపు హెచ్‌సీఎల్ చేతికి వచ్చింది.

దీని కీలకం రెప్లికేషన్. బ్యాంకు భాషలో చెప్పాలంటే, ప్రతి బ్రాంచిలోనూ లెడ్జరు నకలు ఉంటుంది. లైను లేకున్నా పద్దు రాసుకోవచ్చు. లైను కలిశాక మారిన పద్దులే అటూ ఇటూ వెళతాయి. ఒకే పద్దును ఇద్దరు వేర్వేరుగా మారిస్తే, రెండింటినీ ఉంచి తేడా చూపుతుంది. ఏది సరైనదో మనిషే తేల్చాలి.

యజమానులు మారినా ఈ సూత్రం నిలిచింది. కనుక విద్యార్థులారా, ఫీజు కట్టే ముందు సిలబస్ అడిగి తీసుకోండి. అందులో డేటాబేస్, నెట్‌వర్క్ పునాదులు ఉన్నాయో లేదో చూసుకోండి.